ఆడనంత కాలం గొప్పవాడే

2025 ఆగస్టు 4న ఓవల్‌లో సిరాజ్ యార్కర్‌కు అట్కిన్‌సన్ వికెట్ ఎగిరిపోయింది. భారత్ ఆరు పరుగులతో గెలిచి సిరీస్‌ను 2-2తో సమం చేసింది. ఆ తర్వాత కొన్నాళ్లు అనంతపురం టీ కొట్ల దగ్గర ఆ గెలుపు కంటే ఎక్కువగా నలిగింది ఆ మ్యాచ్‌లో లేని బుమ్రా పేరు. ఐదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు వేసి 23 వికెట్లు తీసినవాడు మన హైదరాబాదీ సిరాజ్. బుమ్రా ఆడింది మూడు, తీసింది 14. పైగా బుమ్రా ఆడిన మూడింటిలో ఒక్కటీ గెలవలేదు. లేని రెండూ గెలిచాం. 'ఇంకేం కావాలప్పా, లెక్క తేలిపాయ గదా' అన్నది ఒక పక్షం. వెన్నుకు ఆపరేషన్ అయినవాణ్ని ఐదు టెస్టులు ఆడమనడం ఏం న్యాయమన్నది రెండో పక్షం.

రగ్బీ అభిమానులు ఈ తగవులో మనకంటే బాగా ముదిరిపోయారు. గాయాలతో సగం కెరీర్ పోగొట్టుకున్న మాజీ స్టార్ పేరు ఎత్తితే చాలు, అక్కడ రెండు వర్గాలు సిద్ధంగా ఉంటాయి. 'అతను ఫిట్‌గా ఉంటే చరిత్రే వేరు' అనేది ఒకటి, 'ఉన్నది ఎప్పుడు గనక' అనేది ఇంకొకటి. ఈ రెండూ నిజానికి గాయాల గురించిన మాటలు కావు. ఆ ఆటగాడు లేనప్పుడు జట్టు ఏమైంది, చివరికి అతని కథ ఎలా ముగిసింది అన్న రెండు విషయాల మీదే అభిమాని తీర్పు నడుస్తుంది.

ముందు ఆట సంగతి. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలై, అందులో హైదరాబాద్ హీరోస్ పేరుతో ఒక జట్టు దిగాక మన దగ్గర కూడా కొందరు ఫోన్లలో రగ్బీ చూడటం మొదలుపెట్టారు. అది జట్టుకు ఏడుగురు ఆడే పొట్టి ఆట. ఇంగ్లండ్, న్యూజిలాండ్ దేశాల్లో ప్రాణం పెట్టేది పదిహేను మంది ఆడే 80 నిమిషాల ఆటకు. కబడ్డీలో రైడర్‌ను పట్టినట్టే బంతితో పరిగెత్తేవాణ్ని పట్టి పడేయాలి. కాకపోతే ఇక్కడ పట్టేవాడూ వచ్చేవాడూ చెరో వంద కిలోలుంటారు, ఇద్దరూ పరుగు మీదే ఉంటారు, ఒంటి మీద చెప్పుకోదగ్గ రక్షణ కవచం ఉండదు.

ఇంగ్లండ్ ప్రొఫెషనల్ రగ్బీలో గాయాల లెక్కలను 2002 నుంచి పద్ధతిగా రాస్తున్నారు. ఒక రోజుకు మించి ఆటకు దూరం చేసిన దెబ్బనే గాయంగా లెక్కిస్తారు. అలా చూసినా వెయ్యి గంటల మ్యాచ్ ఆటకు 80, 90 గాయాలు తేలుతుంటాయి. పదిహేను మంది 80 నిమిషాలు ఆడితే జట్టుకు ఇరవై గంటల ఆట అయినట్టు. అంటే ప్రతి మ్యాచ్‌లోనూ ఒక్కో జట్టు నుంచి ఒకరిద్దరు గాయంతో బయటికి రావడం మామూలే. వాటిలో సగం దాకా ట్యాకిల్ దగ్గరే, అంటే ఆ పట్టి పడేసే దగ్గరే జరుగుతాయి. ఇలాంటి ఆటలో గాయపడనివాడే వింత. అయినా అభిమానులు కొందరి పేర్లకే ఆ ముద్ర వేస్తారు. అదెలా పడుతుందో చూడాలంటే ఇంగ్లండ్ స్టార్ జానీ విల్కిన్సన్ దగ్గర మొదలుపెట్టాలి.

2003 నవంబరు 22, సిడ్నీ. ప్రపంచ కప్ ఫైనల్లో ఆస్ట్రేలియాతో స్కోరు 17-17. అదనపు సమయం కూడా అయిపోవచ్చింది. విల్కిన్సన్‌ది ఎడమ కాలి వాటం. బంతి చేతికొచ్చినప్పుడు ఎడమ కాలితో తన్నే వీలు లేక కుడి కాలితో డ్రాప్ గోల్ కొట్టాడు. చేతిలోని బంతిని నేల మీద పడేసి, అది లేస్తుండగానే గోల్ కర్రల మధ్యకు తన్నడం అది, మూడు పాయింట్లు. 20-17తో ఇంగ్లండ్ తొలిసారి ప్రపంచ కప్పు గెలిచింది. అప్పటికి అతని వయసు 24. ఆ తర్వాత అతను మళ్లీ ఇంగ్లండ్ జెర్సీ వేసుకున్నది 2007 ఫిబ్రవరి 3న. మధ్యలో 1,169 రోజులు.

ఆ రోజుల జాబితా చదువుతుంటే పగవాడికి కూడా వద్దనిపిస్తుంది. 2003 డిసెంబరులోనే క్లబ్ మ్యాచ్‌లో మెడ దెబ్బతింది, 2004లో ఆపరేషన్. అదే ఏడాది అక్టోబరులో అతన్ని కెప్టెన్‌గా ప్రకటించారు, పగ్గాలు చేపట్టకముందే చేతి కండర గాయం. 2005లో మోకాలి లిగమెంటు, కోలుకుని వచ్చీ రాగానే మళ్లీ అదే మోకాలు. తర్వాత అపెండిసైటిస్, గజ్జల్లో హెర్నియా. 2006లో మళ్లీ మోకాలు, ఆఖరికి కిడ్నీకి గాయం. ఆ మధ్యలో 2005లో బ్రిటన్, ఐర్లండ్ ఆటగాళ్ల ఉమ్మడి జట్టు లయన్స్‌తో న్యూజిలాండ్ వెళ్తే అక్కడ భుజం.

ఈ మూడేళ్లలో ఇంగ్లండ్ జట్టు జారిపోయింది. కప్పు గెలిపించిన కోచ్ క్లైవ్ వుడ్‌వర్డ్ 2004లో తప్పుకున్నాడు, ఫైనల్ ఆడిన సీనియర్లు ఒక్కొక్కరే రిటైరయ్యారు. ఆరు యూరప్ దేశాలు ఏటా ఆడే సిక్స్ నేషన్స్ టోర్నీలో 2005, 2006ల్లో నాలుగో స్థానం. ఇన్ని కారణాలున్నా అభిమానికి కనిపించింది ఒక్కటే, జట్టు ఆటను నడిపించే పదో నంబరు జెర్సీలో జానీ లేడు.

2005 ఫిబ్రవరిలో లండన్ ట్వికెన్‌హామ్‌లో ఫ్రాన్స్‌తో మ్యాచ్ ఇందుకు మంచి ఉదాహరణ. ఇంగ్లండ్ 17-18తో, ఒక్క పాయింటుతో ఓడింది. జానీ లేక బంతి తన్నే పని పడిన చార్లీ హాడ్జ్‌సన్, ఆలీ బార్క్‌లీ ఇద్దరూ కలిసి ఆరు పెనాల్టీ కిక్కులు పోగొట్టారు. ఆఖర్లో హాడ్జ్‌సన్ డ్రాప్ గోల్ కూడా పక్కకు పోయింది. 'జానీ అయితే కొట్టేవాడు' అనే మాటకు అంతకంటే అనువైన రోజు ఉండదు. హాడ్జ్‌సన్ తక్కువవాడేం కాదు. పాస్ ఇవ్వడంలో, లైను కదిలించడంలో మంచి నేర్పరి. అయితే అతని పోటీ అవతలి జట్టుతో మాత్రమే ఉంటే బాగుండేది. అతను ఆడిన ప్రతి మ్యాచ్‌లోనూ సిడ్నీలో కుడి కాలితో తన్నిన ఆ ఒక్క తన్నుతో కూడా పోటీ పడాల్సి వచ్చింది. మైదానంలో లేనివాడు బంతి తప్పుగా తన్నడు, పాస్ వదిలేయడు, అలసిపోడు. ఇంట్లో సోఫా మీద కాలు చాపుకుని కూర్చున్నా అతని రేటింగ్ వారం వారం పెరుగుతూనే ఉంటుంది.

తిరిగొచ్చిన రోజు అభిమానుల కలకు తగ్గట్టే జరిగింది. స్కాట్లండ్‌తో కల్‌కత్తా కప్పు మ్యాచ్. (ఈ కప్పు సంగతి మనవాళ్లు తెలుసుకోదగ్గదే. 1878లో కల్‌కత్తాలో ఇంగ్లీషువాళ్ల రగ్బీ క్లబ్బు మూతపడినప్పుడు బ్యాంకులో ఉన్న డబ్బును వెండి రూపాయలుగా తీసుకుని, వాటిని కరిగించి చేయించారు. నాగుపాములే దాని పిడులు, మూత మీద ఏనుగు.) విల్కిన్సన్ ఒక్కడే 27 పాయింట్లు చేశాడు. ట్రై (బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనించడం), కన్వర్షన్లు (ట్రై తర్వాత దక్కే కిక్కులు), పెనాల్టీలు, డ్రాప్ గోల్, అన్ని రకాలూ అందులో ఉన్నాయి. ఆ ట్రై వేసేటప్పుడు అతని కాలు మైదానం పక్క గీతను తాకినట్టు రీప్లేలో కనిపించింది, అయినా వీడియో రిఫరీ ఇచ్చేశాడు. స్కాట్లండ్ వాళ్లకు అది ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది. ఇంగ్లండ్ అభిమానికి మాత్రం ఆ గీత ఆ రోజు కనిపించలేదు.

అదే ఏడాది ఇంగ్లండ్ ప్రపంచ కప్ ఫైనల్ దాకా వెళ్లింది, దక్షిణాఫ్రికా చేతిలో 15-6తో ఓడింది. 2011 ప్రపంచ కప్పులో అర్జెంటీనా మ్యాచ్‌లో అదే విల్కిన్సన్ పెనాల్టీ వెంట పెనాల్టీ పోగొట్టాడు. ఊహలో ఉన్న జానీకీ మైదానంలో ఉన్న జానీకీ మధ్య దూరం అప్పుడు గానీ చాలామందికి తెలియలేదు. ఈలోపు 2009లో ఫ్రాన్స్‌లోని తులాన్ క్లబ్బుకు వెళ్లాడు. విచిత్రమేమిటంటే, ఇంగ్లండ్‌లో ఒళ్లు నిలవని మనిషి అక్కడ ముప్పై దాటాక వరుస సీజన్లు ఆడాడు, 2013, 2014ల్లో యూరప్ కప్పులు ఎత్తాడు, 2014లోనే ఫ్రెంచ్ లీగ్ కూడా గెలిచి కప్పుతోనే రిటైరయ్యాడు. దాంతో ఆ 1,169 రోజుల అర్థమే మారిపోయింది. అంతకుముందు దురదృష్టం అనో, బలహీనమైన ఒళ్లు అనో అన్నవాళ్లే ఆ తర్వాత పట్టుదల అన్నారు. గాయాలు అవే, చూసే కళ్లు మారాయి.

న్యూజిలాండ్ డాన్ కార్టర్‌ది ఇంకా పొట్టి ఉదాహరణ. సొంతగడ్డ మీద 2011 ప్రపంచ కప్ మధ్యలో, ప్రాక్టీసులో బంతి తంతుండగా గజ్జల్లో కండరం తెగి టోర్నీ నుంచి తప్పుకున్నాడు. అతని బదులు దిగినవాడికీ దెబ్బ తగిలి, చేపలు పడుతున్న స్టీఫెన్ డొనాల్డ్‌ను పిలిపించారు. ఫైనల్లో ఫ్రాన్స్‌పై 8-7తో గెలిపించిన పెనాల్టీ ఆ డొనాల్డ్ కొట్టిందే. జట్టు గెలిచింది గనక కార్టర్ లేడన్న ఏడుపు పెద్దగా లేదు. 2015 ఫైనల్లో అతను ఆస్ట్రేలియాపై మ్యాచ్ ఉత్తమ ఆటగాడయ్యాక గాయాల మాటే ఎత్తేవాడు లేకపోయాడు.

ఇలాంటి ముగింపు దక్కనివాడు మను తుయిలాగి. సమోవాలో పుట్టి ఇంగ్లండ్‌కు ఆడిన సెంటర్, అంటే మైదానం మధ్యలోంచి గుద్దుకుంటూ పోయే ఆటగాడు. 2012 డిసెంబరులో న్యూజిలాండ్‌ను ఇంగ్లండ్ 38-21తో చిత్తు చేసినప్పుడు ఒక ట్రై తాను వేసి, వేరేవాళ్లకు దారి చేసిపెట్టాడు. 2019 ప్రపంచ కప్ సెమీస్‌లో అదే న్యూజిలాండ్‌పై ఆట మొదలైన రెండు నిమిషాల్లోపే ట్రై వేశాడు. ఈ రెండు మ్యాచ్‌ల మధ్య ఏడేళ్లలో గజ్జల గాయం, మోకాలు, తొడ కండరం అతన్ని ఏడిపించని ఏడాది లేదు. 2011 నుంచి 2024 దాకా అతను ఆడిన టెస్టులు (దేశాల మధ్య మ్యాచ్‌లు) అరవై. ఇంగ్లండ్ ఏడాదికి పది, పన్నెండు టెస్టులు ఆడుతుంది కాబట్టి సగానికి పైగా అతను లేకుండానే జరిగాయి.

2021 నవంబరులో దక్షిణాఫ్రికా మ్యాచ్‌లో ఏడో నిమిషంలో ట్రై వేశాడు. వేస్తూనే తొడ పట్టుకున్నాడు. స్టేడియంలో చప్పట్లు మొదలైన క్షణంలోనే అతని మ్యాచ్ ముగిసిపోయింది. ఆ తర్వాత 2022 ఫిబ్రవరిలో వేల్స్ మ్యాచ్‌కు జట్టులో పేరు చదివారు, కొన్ని గంటలకే మళ్లీ తొడ నొప్పని తీసేశారు. అభిమానుల్లో జోకులు పుట్టింది ఇక్కడే. మన దగ్గర గాయపడిన క్రికెటర్‌ను, కోలుకోవడానికి పంపే బెంగళూరు అకాడమీకి పర్మనెంట్ మెంబర్ అనడం లాంటివే అవి. (అనంతపురం నుంచి హైవే మీద బెంగళూరు పోయేవాళ్లకు ఆ కొత్త అకాడమీ ఎయిర్‌పోర్టు వైపే, ఊళ్లోకి పూర్తిగా అడుగుపెట్టకముందే తగులుతుంది.) చిత్రం ఏమిటంటే, తుయిలాగిని వెక్కిరించినవాళ్లూ ఇంగ్లండ్ ఓడిన మర్నాడు 'మను ఉంటే మధ్యలో గండి కొట్టేవాడు' అన్నవాళ్లూ చాలాసార్లు ఒకే మనుషులు. వెక్కిరింత, ఆరాధన రెండూ అతను లేకపోవడంలోంచి వచ్చినవే.

మంచి ముగింపు దక్కినవాడికీ దక్కనివాడికీ ఉన్న ఈ తేడాకు మన అనంతపురంలోనే సాక్ష్యం ఉంది. నగరంలోని ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ స్పోర్ట్స్ విలేజ్‌లో, 2024 దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగిన ప్రాంగణంలోనే, రఫెల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ స్కూలు నడుస్తోంది. 2010లో దాన్ని మొదలుపెట్టడానికి నాదల్ స్వయంగా వచ్చాడు. అతని ఎడమ పాదంలో కెరీర్ మొదటి నుంచీ ఎముక జబ్బు. మోకాళ్లు, మణికట్టు, పొట్ట కండరాలు, తుంటి అన్నీ ఒక్కోసారి మొరాయించాయి. పెద్ద టోర్నీలు ఎన్నో వదులుకున్నాడు. 2022 ఫ్రెంచ్ ఓపెన్ పాదానికి మత్తు ఇంజెక్షన్లు వేయించుకుని గెలిచాడు. అయినా నాదల్‌ను 'గాయాలోడు' అని ఎవరూ అనరు. 22 గ్రాండ్‌స్లామ్‌లున్న మనిషి ఒంటి మీద గాయం పతకంలా కనిపిస్తుంది. అదే పాదం నొప్పి ఒక్క టైటిలూ లేని ఆటగాడికి ఉంటే అతని పేరు ఈపాటికి మరిచిపోయేవాళ్లం.

కంటికి కనిపించని గాయం సంగతి ఇంకొకటి. రాయలసీమలో ఏ ఊరికి పోయినా పుత్తూరు కట్టు అన్న బోర్డు కనిపిస్తుంది. చేయి విరిగితే ఆకు పసరు, కోడిగుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డతో చుట్టిన ఆ కట్టును చూస్తే చుట్టుపక్కలవాళ్లంతా పక్కకు జరిగి దారిస్తారు. కట్టు ఉంటే నొప్పి ఉన్నట్టే. మోకాలి లిగమెంటు తెగినవాడి పరిస్థితి అలా ఉండదు. వాపు తగ్గాక మామూలుగా నడుస్తాడు, మెట్లు ఎక్కుతాడు, బైకు నడుపుతాడు. ఎక్స్‌రేలో లిగమెంటు కనిపించదు, ఎంఆర్ఐ తీస్తే గానీ బయటపడదు. పరిగెత్తుతూ ఒక్కసారి పక్కకు తిరిగితేనే మోకాలు జారుతుంది. స్కూలు కబడ్డీ జట్టులో అలాంటి పిల్లాడు 'నా వల్ల కావట్లేదు సార్' అంటే, 'నడుస్తానే ఉండావు గదరా' అనే మాట ముందుగా వస్తుంది. తుయిలాగి తొడ కండరం మీద, బుమ్రా వెన్ను మీద వచ్చే అనుమానం కూడా ఈ జాతిదే. ప్లాస్టర్ కట్టుతో చేతికర్రల మీద వచ్చి ఉంటే ఆ జోకుల్లో సగం పుట్టేవి కావు.

ఒక గాయానికి అతి పెద్ద కారణం అంతకుముందు తగిలిన గాయమే అన్నది క్రీడా వైద్యులు పదే పదే చెప్పేది. చిరిగిన తొడ కండరం మానినా మచ్చ మిగులుతుంది, అది మొదటి కండరంలా సాగదు. మోకాలు నొప్పిగా ఉన్నవాడు తెలియకుండానే రెండో కాలి మీద బరువు మోపుతాడు. లిగమెంటు ఆపరేషన్ అయ్యాక తొమ్మిది నెలల కంటే ముందు దిగితే మళ్లీ తెగే ప్రమాదం బాగా ఎక్కువ. తిరిగొచ్చినవాడు మళ్లీ పడిపోతే మనం దాన్ని స్వభావం అనుకుంటాం. చాలాసార్లు అది పాత బాకీ మీద వడ్డీ.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆటగాణ్ని స్టార్‌ను చేసిన గుణమే అతన్ని విరగ్గొడుతుంది. పదో నంబరు ఆటగాళ్లు సాధారణంగా ట్యాకిల్ దగ్గర ఒళ్లు దాచుకుంటారు. విల్కిన్సన్ తనకంటే ఎంతో బరువున్నవాళ్ల మీదికి భుజం వేసి దూకేవాడు, అభిమానులు అతన్ని నెత్తిన పెట్టుకున్నది అందుకూ. మెడ, భుజం పోయిందీ అందుకే. తుయిలాగి బంతితో నేరుగా గుద్దుకుంటూ పోయే వేగాన్ని వంద కిలోలకు పైగా ఉన్న ఒంటిలో తొడ కండరాలే మోయాలి. వేల్స్ మాజీ కెప్టెన్ శామ్ వార్‌బర్టన్ కింద పడినవాడి మీదికి వంగి బంతి లాక్కోవడంలో దిట్ట. అలా వంగినప్పుడు మీద పడే బరువంతా మెడకూ మోకాళ్లకే. 29 ఏళ్లకే, 2018లో, ఆటకు దండం పెట్టాడు. బుమ్రా బంతి అర్థం కాకపోవడానికి కారణమైన ఆ విడ్డూరపు యాక్షనే అతని నడుము మీద భారం వేసేది. 'గాయాలు కాకుండా అలాగే ఆడు' అని అడగడం తేలిక. అలా ఆడనివాడైతే అసలు అడిగేవాళ్లే ఉండరు.

లేనివాణ్ని పెంచే జబ్బు తెలుగు అభిమానులకూ ఉంది, ప్రో కబడ్డీలో తెలుగు టైటాన్స్ జట్టే దాఖలా. 2019లో కోటీ 45 లక్షలు పెట్టి కొన్న సిద్ధార్థ్ దేశాయ్ తర్వాతి సీజన్ మొదట్లోనే భుజం గాయంతో తప్పుకున్నాడు. ఆ సీజన్‌లో టైటాన్స్ 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి అట్టడుగున మిగిలింది. సిద్ధార్థ్ ఉంటేనా అని కర్నూలు నుంచి హైదరాబాద్ దాకా అందరూ అనుకున్నారు. ఆ పైసీజన్‌కు అతను తిరిగొచ్చాడు, పాయింట్లు కూడా తెచ్చాడు. జట్టు మళ్లీ అట్టడుగునే, ఈసారి రెండు గెలుపులు. డిఫెన్స్ జల్లెడలా ఉన్నప్పుడు రైడర్ ఒక్కడు చేయగలిగింది అంతే. ఆ సంగతి అతను లేని సీజన్‌లో కూడా అంతే నిజం. కాకపోతే అప్పుడు చెబితే ఎవరూ వినేవాళ్లు కారు.

ఇక రగ్బీ పెద్దలు గాయాలు తగ్గించే పని మొదలుపెట్టినప్పుడు అభిమానులు ఎటు నిలబడ్డారన్నది ఆసక్తికరం. 2021లో ప్రపంచ రగ్బీ సంస్థ, పూర్తిస్థాయిలో గుద్దుకునే ప్రాక్టీసు వారానికి 15 నిమిషాలు దాటకూడదని సూచించింది. దాని గురించి పెద్ద గొడవేం జరగలేదు, ప్రాక్టీసు టీవీలో రాదు కదా. 2023 జనవరిలో ఇంగ్లండ్ రగ్బీ సంఘం, ఊళ్లలో క్లబ్బుల స్థాయి ఆటలో ట్యాకిల్ నడుము ఎత్తుకు మించకూడదని ప్రకటించింది. తలకు తగిలే దెబ్బలు తగ్గించడమే ఉద్దేశం. వెంటనే వేలాదిమంది సంతకాలతో వ్యతిరేకత వచ్చిపడింది. ఆట ఆటగా ఉండదన్నారు, మగతనం పోతుందన్నవాళ్లూ ఉన్నారు. వారం తిరిగేసరికి సంఘం క్షమాపణ చెప్పుకుంది. చివరికి ఛాతీ ఎముక కింది అంచు దాకా ఎత్తు పెంచి ఆ ఏడాది సీజన్ నుంచి అమల్లోకి తెచ్చింది. వార్‌బర్టన్ మెడ గురించి బాధపడినవాళ్లు కూడా ఆ సంతకాల్లో కొందరు ఉండే ఉంటారు.